రంపం ముందా, ఊరు ముందా?

1768 మే 10న లండన్ తూర్పు అంచున ఉన్న లైమ్‌హౌస్‌లో దాదాపు అయిదు వందల మంది కోతపనివాళ్లు గుమిగూడి ఒక మిల్లును ధ్వంసం చేశారు. చార్లెస్ డింగ్లీ అనే కలప వ్యాపారి అంతకు కొంతకాలం ముందే దాన్ని కట్టించాడు. గాలిమర తిరిగితే రంపాలు ఆడి, దుంగలు పలకలుగా తెగేవి. తమకు తిండి కరువైన రోజుల్లో మిల్లు మాత్రం నిక్షేపంగా నడుస్తోందన్నది ఆ పనివాళ్ల కడుపుమంట. మరుసటి ఏడాది పార్లమెంటు, మిల్లులను పడగొట్టడాన్ని పెద్ద నేరంగా మారుస్తూ చట్టం చేసింది.

అట్లాంటిక్ అవతలి ఒడ్డున కథ దీనికి సరిగ్గా తలకిందులు. అక్కడి ఇంగ్లిష్ వలసల్లో అప్పటికి నూరేళ్లకు పైగా కోత మిల్లులు ఆడుతున్నాయి. కొత్తగా ఊరు కట్టుకున్నవాళ్లు సభ చేరి, మిల్లు పెట్టేవాడికి వాగు ఒడ్డున స్థలం ఇస్తామని, అడవిలో చెట్లు కొట్టుకోనిస్తామని, ఫలానా గడువులోగా మిల్లు ఆడాలని తీర్మానాలు రాసుకునేవారు. మనుషులు ఒకే దేశంవాళ్లు, రంపం కూడా దాదాపు ఒకటే. ఒకచోట పగలగొట్టారు, ఇంకోచోట బతిమాలి తెచ్చుకున్నారు. కొత్త ఊళ్లకు, కోత మిల్లుకు ఉన్న సంబంధం తెలియాలంటే ముందు ఈ చిక్కుముడి విప్పాలి.

మిల్లు లేని చోట పలక తీయడం ఎంత కష్టమో చూద్దాం. నేలలో మనిషి లోతు గుంత తవ్వి, దానిమీద దుంగను పడుకోబెడతారు. ఒకడు దుంగ మీద నిలబడి గీత వెంబడి రంపాన్ని నడుపుతాడు, రెండోవాడు గుంతలోంచి కిందికి లాగుతాడు. రంపపు పొట్టు అంతా కిందివాడి కళ్లలో, నోట్లో పడుతుంది. పైన నిలబడేవాడిదే నేర్పు, అతనిదే హోదా. పొద్దుట నుంచి పొద్దుగూకే దాకా ఒళ్లు హూనం చేసుకుంటే ఇద్దరూ కలిసి నూటి నుంచి రెండు వందల అడుగుల పలక కోయగలరు. కలప లెక్కలో అడుగు అంటే అడుగు పొడవు, అడుగు వెడల్పు, అంగుళం మందం. నీటితో ఆడే ఒంటి రంపం మిల్లు అదే రోజులో దానికి అయిదు నుంచి పది రెట్లు కోసేది. చూసుకోవడానికి ఒకరిద్దరు చాలు.

ఈ యంత్రం అమెరికాలో పుట్టలేదు. ఇప్పటి టర్కీలోని హియరాపోలిస్‌లో మూడో శతాబ్దపు రాతి శవపేటిక మీద నీటి చక్రంతో నడిచే రంపం బొమ్మ చెక్కి ఉంది. అది కోసింది రాయిని. పదమూడో శతాబ్దంలో విలార్ ద ఆన్‌కూర్ అనే ఫ్రెంచివాడు తన పుస్తకంలో కలప కోసే నీటి రంపాన్ని గీశాడు. డచ్చివాడు కోర్నెలిస్ కోర్నెలిస్‌జూన్ 1590లలో గాలిమర భ్రమణాన్ని రంపం ఎగుడుదిగుడు కదలికగా మార్చే పద్ధతికి హక్కులు పొందాడు. ఆ తరవాత నెదర్లాండ్స్‌లోని జాన్ నదీ ప్రాంతం ఓడలకు కావలసిన పలకల కోతకు పెట్టింది పేరైంది. అంటే పదిహేడో శతాబ్దంలో వలస వెళ్లినవాళ్లు కొత్త విద్యను కనిపెట్టలేదు, తెలిసిన విద్యను మూటగట్టుకుని వెళ్లారు.

ఆ మూట చిన్నదే కావడం ఇక్కడ ముఖ్యం. తొలినాటి మిల్లులో ఉక్కు, ఇనుము సామాను అంతా కలిపితే ఒక రంపపు బద్ద, ఒక క్రాంకు (చక్రం తిరుగుడును ఎత్తి దించే కదలికగా మార్చే వంకర ఇనుప కడ్డీ), ఇరుసు కొసలకు తొడిగే ఇనుప ముక్కలు, దుంగను కదలకుండా పట్టి ఉంచే కొక్కేలు, కొన్ని మేకులు. తక్కినదంతా అక్కడి చెట్లను నరికి అక్కడే చేసుకోవచ్చు. వాగుకు అడ్డంగా దుంగలు, రాళ్లు, మట్టితో ఆనకట్ట కడతారు. వెనక చెరువు నిలుస్తుంది. కాలువలో వదిలిన నీరు తక్కువ వ్యాసం ఉన్న, వెడల్పాటి చక్రం మీద విసురుగా పడి దాన్ని వేగంగా తిప్పుతుంది. చక్రం ఇరుసుకు ఉన్న క్రాంకు, ఒక పొడవాటి కర్ర చేతిని ఎత్తి దించుతుంది. ఆ చేతికి పైన తలుపు చట్రం లాంటి కొయ్య చట్రం, చట్రం నడుమ బిగించి కట్టిన రంపం. రెండు నిలువు స్తంభాల గాళ్లలో చట్రం నిమిషానికి నూటికి అటూఇటూగా పైకీ కిందికీ ఆడుతుంది. కోత పడేది దిగేటప్పుడే. రంపం పైకి లేచిన ప్రతిసారీ పళ్ల చక్రం ఒకటి ఒక పన్ను తిరిగి, దుంగ ఉన్న బండిని అంగుళంలో కొద్ది భాగం ముందుకు నెడుతుంది.

దుంగ చివరి దాకా రంపం పోలేదు, కొక్కేలు అడ్డం. కొన్ని అంగుళాలు మిగలగానే ఆపి, బండిని వెనక్కి లాగి, దుంగను పలక మందం మేర పక్కకు జరిపి మళ్లీ మొదలుపెడతారు. అన్ని కోతలూ అయ్యాక దుంగ ఒక కొసన అంటుకుని ఉన్న పలకల కట్టలా మిగులుతుంది. గొడ్డలితో కొట్టి విడదీస్తారు. అమెరికా ఈశాన్య మూలన ఉన్న న్యూ ఇంగ్లండ్‌లో పాత ఇళ్ల అటక పలకల్లో ఒక కొసన రంపపు గీతలు హఠాత్తుగా ఆగిపోయి, చీల్చిన గరుకు చెక్క కనిపిస్తే అది ఈ పద్ధతి ఆనవాలు. గీతలు నిలువుగా, సమానదూరంలో ఉంటే నీటి మిల్లు. కాస్త ఏటవాలుగా, ఎగుడుదిగుడుగా ఉంటే గుంతలో మనుషులు లాగిన రంపం. విల్లులా వంపు తిరిగి ఉంటే ఆ తరవాత వచ్చిన వృత్తాకారపు రంపం. ఇంటి వయసు తేల్చేవాళ్లు ఇప్పటికీ టార్చిలైటు పట్టుకుని ఈ గీతలే చూస్తారు.

ఇక చిక్కుముడి దగ్గరికి వద్దాం. యంత్రాల రంపాలు వేగంగా కోస్తాయి గానీ పిసినారితనం తెలియనివి. బద్ద మందంగా ఉంటుంది, పలకకూ పలకకూ మధ్య ఉన్న కలపంతా పొట్టవుతుంది. పందొమ్మిదో శతాబ్దపు వృత్తాకారపు రంపాల్లో కోత మందం అంగుళంలో పదహారింట అయిదు వంతులుండేది. అంటే వెయ్యి అడుగుల అంగుళం పలక కోస్తే మూడు వందల పన్నెండు అడుగుల కలప పొట్టుగా పోయినట్టు. ఇంగ్లండ్‌లో మంచి కలప బాల్టిక్ దేశాల నుంచి ఓడల్లో రావాలి, దాని ఖరీదు ఎక్కువ. కోసే మనుషులు మాత్రం వీధికి పదిమంది దొరుకుతారు. అమెరికా తీరంలో చెట్టు అడ్డు, దాన్ని తీసేస్తే తప్ప దున్నడానికి నేల దొరకదు. కూలికి మనిషే దొరకడు. దొరికినా నాలుగు రోజులు చేసి, డబ్బు కూడగానే సొంత భూమి వెతుక్కుంటూ పోతాడు. చెట్లు కోకొల్లలుగా ఉండి చేతులు కరువైనచోట, చెట్లను దుబారా చేసి చేతులను మిగిల్చే యంత్రం వరం. ఇంగ్లండ్‌లో అదే యంత్రం ఖరీదైన కలపను పొట్టుచేసి, చవగ్గా దొరికే మనిషి నోట్లో మట్టికొట్టేది. లైమ్‌హౌస్ జనాన్ని ప్రగతి నిరోధకులని తిట్టిపోసేవాళ్లు ఈ లెక్క చూడరు.

ఇప్పుడొక ప్రచారాన్ని పక్కనపెట్టాలి. కొత్త నేల మీద కాలుపెట్టినవాళ్లకు తలదాచుకోవడానికి కోత మిల్లు తప్పనిసరి అని చాలాచోట్ల రాస్తారు. తప్పనిసరేమీ కాదు. గొడ్డలి ఒక్కటుంటే దుంగలు పేర్చి ఇల్లు కట్టుకోవచ్చు. డెలావేర్ నది ఒడ్డున స్థిరపడ్డ స్వీడిష్, ఫిన్నిష్ కుటుంబాలు పదిహేడో శతాబ్దంలో అలాగే కట్టుకున్నాయి, ఆ పద్ధతి తరవాత పడమటి దాకా పాకింది. అయితే ఆ ఇంట్లో నేల మట్టిది. తలుపు, బల్ల, అటక, ధాన్యపు కొట్టు, పడవ, వంతెన, బడి, చర్చి, వీటన్నిటికీ పలక కావాలి. గొడ్డలితో చీల్చిన పలకతో సరిపెట్టుకోవచ్చు గానీ ఒక తలుపుకే తలప్రాణం తోకకొస్తుంది. దుంగల గుడిసెలో ఒక శీతాకాలం గడుపుతారు. మిల్లు వచ్చిందంటే అక్కడే ఉండిపోదామని నిర్ణయించుకున్నట్టు. అందుకే ఊరిపెద్దలు మిల్లు కోసం అంత తాపత్రయపడింది. మిల్లు ఉందని తెలిస్తే ఇంకో పది కుటుంబాలు వస్తాయి, వాళ్లు వస్తే భూమి ధర పెరుగుతుంది. ఊరి మేలు, సొంత మేలు కలిసి నడిచిన వ్యవహారం.

నగదు చేతిలో ఆడని ఆ రోజుల్లో రైతు మిల్లుకు ఏమిచ్చేవాడు? చలికాలం పొలం పని ఉండదు. అప్పుడు చెట్లు కొట్టి, మంచు మీద ఎడ్లతో దుంగలు ఈడ్చుకొచ్చి మిల్లు దగ్గర పడేసేవాడు. వసంతంలో మంచు కరిగి వాగు పొంగగానే కోత మొదలు. తెగిన పలకల్లో చాలాచోట్ల సగం రైతుకు, సగం మిల్లు యజమానికి. మన దగ్గర వడ్లు మర పట్టినందుకు తవుడు మిల్లువాడికి వదిలేసినట్టే, కాకపోతే వాటా బాగా పెద్దది. ఎండాకాలం వాగు ఎండితే మిల్లు మూత, నడిశీతాకాలం గడ్డకడితే మూత. అందువల్ల తొలి మిల్లుల యజమానులు చాలామంది ఏడాదిలో ఎక్కువ భాగం రైతులే. తన వాటా పలకలను అమ్ముకునేవాడు, అప్పుగా ఇచ్చేవాడు, ఖాతా పుస్తకం తెరిచేవాడు. అలా ఊళ్లో మొదటి షావుకారు తరచూ మిల్లు యజమానే అయ్యాడు.

ఆనకట్టతో ఇంకో తగాదా మొదలైంది. చెరువు నిండితే ఎగువన ఉన్నవాడి గడ్డిభూమి మునిగిపోతుంది. చేపలు గుడ్లు పెట్టడానికి ఎగువకు ఈదలేవు, ఆ చేపల మీద బతికే స్థానిక తెగలకూ, దిగువ ఊళ్లకూ తిండి పోతుంది. మామూలు న్యాయం ప్రకారమైతే పక్కవాడి పొలం ముంచినవాడు కట్ట కొట్టేయాలి. మసాచుసెట్స్ 1714 ప్రాంతంలో చేసిన మిల్లుల చట్టం ఈ న్యాయాన్ని మలుపు తిప్పింది. కట్ట ఉండనివ్వాలి, మునిగినవాడు నష్టపరిహారం తీసుకోవాలి. మిల్లు ఒకరి సొత్తయినా ఊరందరి అవసరం కాబట్టి దానికి ఆ మినహాయింపు అన్నారు. ఆనకట్టలకు భూములు ఇచ్చి పరిహారం కోసం తిరిగినవాళ్లు మన దగ్గరా తక్కువేమీ కాదు కాబట్టి ఈ వాదన తెలుగు పాఠకులకు కొత్తగా అనిపించదు.

ఇంతవరకూ చెప్పింది ఊరి కోసం వెలిసిన మిల్లు. చరిత్రలో పెద్ద మిల్లులు చాలావరకు ఇలాంటివి కావు. ఇప్పటి మెయిన్ రాష్ట్రంలోని సౌత్ బెర్విక్ దగ్గర 1634లోనే మిల్లు వెలిసింది. లండన్‌లో ఉన్న జాన్ మేసన్ అనే పెట్టుబడిదారు తరఫున పంపిన మనుషులు దాన్ని కట్టారు. అప్పటికి అక్కడ ఊరనదగ్గది లేదు. 1651లో రిచర్డ్ లీడర్ అనే అతను అదే ప్రవాహం మీద ఏకంగా ఒక వరస రంపాలతో మిల్లు పెట్టాడు. ఆ భారీతనం చూసి ఆ ఏటికి గ్రేట్ వర్క్స్ అనే పేరు స్థిరపడింది. కూలీలు ఎక్కడివాళ్లు? అంతకు ముందు ఏడాది డన్‌బార్ యుద్ధంలో ఇంగ్లండ్ సేనాని క్రామ్‌వెల్ సైన్యానికి చిక్కిన స్కాట్లండ్ బందీలను ఓడలో తెచ్చి కొన్నేళ్ల కట్టుబానిసత్వానికి అమ్మారు. వాళ్లలో కొందరు ఈ మిల్లుకు చేరారు. గడువు తీరాక ఆ చుట్టుపక్కలే భూములు తీసుకుని స్థిరపడ్డారు. ఇక్కడ మిల్లు ముందు, ఊరు తరవాత.

ఆ తీరంలో కోసిన పలకలు ఎక్కడికి పోయాయన్నదీ చూడాలి. ఓడల నిండా కరీబియన్ దీవులకు పోయాయి. బార్బడోస్ లాంటి చోట్ల చెరకు వేయడానికి అడవినంతా కొట్టేశారు, ఇళ్లకూ పీపాలకూ చెక్క లేదు. ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసల చెమటతో పండిన చక్కెర, మొలాసిస్ తిరుగు ఓడల్లో వచ్చేవి. అడవిలో ఒంటరిగా కిర్రుకిర్రుమనే మిల్లు బొమ్మ చూసి స్వయంసమృద్ధమైన పల్లె అనుకుంటాం. దాని ఖాతా పుస్తకం మాత్రం వేల మైళ్ల దూరంలోని తోటలతో ముడిపడి ఉండేది.

ఇక పెద్ద ప్రశ్న: ఆ చెట్లు ఎవరివి? అక్కడ తరతరాలుగా ఉన్న తెగలను ఎవరూ అడగలేదు. తగాదా పడింది రాజూ, వలసదారులూ. బ్రిటిష్ నౌకాదళానికి తెరచాప కొయ్యలకోసం నిటారుగా పెరిగే తెల్ల పైన్ చెట్లు కావాలి. 1691 నాటి మసాచుసెట్స్ శాసనపత్రం, నేల నుంచి అడుగు ఎత్తులో 24 అంగుళాలు, అంతకు మించి వ్యాసమున్న చెట్లు రాజువని ప్రకటించింది, అప్పటికే ప్రైవేటు వ్యక్తులకిచ్చిన భూముల్లోవి తప్ప. రాజోద్యోగులు వాటి బెరడు మీద బాణం గుర్తు చెక్కేవారు. న్యూ హ్యాంప్‌షైర్‌లో 1722 చట్టం ఆ హద్దును 12 అంగుళాలకు దించింది. పన్నెండు అంగుళాలంటే అడివిలో ఓ మోస్తరు చెట్టే. అంటే రైతు తన పొలం చదును చేసుకోవాలన్నా అనుమతి కావాలి. మిల్లు ఆవరణలో దుంగలు దొరికితే నేరం రుజువైనట్టే. దొంగ కలప అడవిలో కనబడదు, మిల్లు దగ్గరే కనబడుతుంది. ఆ సంగతి మన అటవీ శాఖ ఉద్యోగులకూ బాగా తెలుసు.

1772లో న్యూ హ్యాంప్‌షైర్‌లోని గాఫ్‌స్‌టౌన్, వేర్ ఊళ్ల మిల్లుల్లో రాజు తరఫున అడవులు చూసే సర్వేయరు మనుషులు అలాంటి దుంగలు పట్టుకున్నారు. గాఫ్‌స్‌టౌన్ యజమానులు జరిమానా కట్టి బయటపడ్డారు. వేర్ యజమానులు ససేమిరా అన్నారు. ఏప్రిల్ 13న షెరిఫ్ బెంజమిన్ వైటింగ్ తన సహాయకుడితో వచ్చి వాళ్ల నాయకుడు ఎబెనీజర్ మడ్జెట్‌ను అరెస్టు చేశాడు. పొద్దున్నే జామీను తెస్తానంటే నమ్మి వదిలిపెట్టి, ఊళ్లోని సత్రంలో పడుకున్నాడు. తెల్లవారుతుండగా ముఖాలకు మసి పూసుకున్న ఇరవై, ముప్ఫై మంది గదిలోకి దూరారు. జామీను అలా వచ్చింది. కేసు పెట్టిన ఒక్కో చెట్టుకూ ఒక్కో దెబ్బ చొప్పున బెత్తాలతో బాదారు. వాళ్ల గుర్రాల చెవులు కోసి, జూలు, తోక గొరిగి, వాటిమీదే ఎక్కించి ఊరు దాటించారు. తరవాత ఎనిమిది మందిని కోర్టులో నిలబెడితే తలా ఇరవై షిల్లింగుల జరిమానాతో సరిపెట్టారు. పన్నుకు నిరసనగా బోస్టన్ రేవులో తేయాకు పారబోయడానికి ఇది ఏడాదిన్నర ముందు మాట. తేయాకు కథకు వచ్చిన పేరులో వందోవంతు కూడా దీనికి రాలేదు. పన్ను పట్టణాల కోపం, చెట్టు పల్లెల కోపం. చరిత్ర రాసేవాళ్లు ఎక్కువగా పట్టణాల్లోనే ఉంటారు.

మిల్లు ఊరిని తేవడం ఎంత దూరం పోగలదో చెప్పేది కాలిఫోర్నియా. 1847లో జాన్ సట్టర్ అనే స్విట్జర్లండ్ వలసదారుకు ఇప్పటి శాక్రమెంటోలో కోట, పొలాలు, పశువులు అన్నీ ఉన్నాయి. పలకే లేదు. లోయలో పనికొచ్చే కలప తక్కువ. వడ్రంగి జేమ్స్ మార్షల్‌తో భాగస్వామ్యం కుదుర్చుకుని, కోటకు దాదాపు 45 మైళ్ల ఎగువన అమెరికన్ నది దక్షిణ పాయ మీద కొలోమా దగ్గర మిల్లు మొదలుపెట్టించాడు. స్థానిక నిసెనాన్ తెగవాళ్లు, మెక్సికో యుద్ధం కోసం వచ్చి పని ముగించుకున్న మోర్మన్ సైనికులు కూలీలు.

మిల్లు నిలబెట్టాక ఒక లోపం బయటపడింది. చక్రం కిందినుంచి నీరు బయటికి పోయే కాలువ లోతు చాలలేదు. నీరు వెనక్కి తన్నితే చక్రం తిరగదు. పగలంతా కాలువ అడుగు తవ్వి వదులు చేయడం, రాత్రి తూము ఎత్తి నీటితో ఆ మట్టి, కంకర కొట్టుకుపోయేలా చేయడం, ఇదీ వాళ్ల ఏర్పాటు. యాదృచ్ఛికంగా అది బంగారం కడిగే పద్ధతే. నీటికి తేలికైనవి పోయి బరువైనవి అడుగున మిగులుతాయి. 1848 జనవరి 24 ఉదయం మార్షల్ కాలువ చూడటానికి దిగితే అడుగున తళుక్కుమంది. రాళ్ల మధ్య పెట్టి కొడితే పగల్లేదు, సాగింది. పనివాళ్లకు వండిపెట్టే జెన్నీ విమ్మర్ ఆ ముక్కను సబ్బు కాచే క్షారపు కాగులో వేసి ఉడికించింది. రంగు మారలేదు. హెన్రీ బిగ్లర్ అనే కూలీ తన దినచర్యలో ఆ సంగతి రాసుకోబట్టే తేదీ మనకు తెలిసింది.

సట్టర్ మొదట చేసిన పని గమనించదగ్గది. నిసెనాన్ పెద్దలతో ఆ భూమికి కౌలు ఒప్పందం రాయించి, ఆమోదం కోసం సైనిక గవర్నరు రిచర్డ్ మేసన్‌కు పంపాడు. తెగలకు భూమి కౌలుకిచ్చే హక్కును అమెరికా గుర్తించదని మేసన్ తిప్పి పంపాడు. ఆ ఒక్క జవాబులో మొత్తం వలస న్యాయశాస్త్రం ఇమిడి ఉంది. మిల్లు మార్చిలో కోత మొదలుపెట్టింది గానీ కూలీలు నదిలో తట్టలు పట్టుకుని కూర్చున్నారు. నాలుగేళ్లలో కాలిఫోర్నియా జనాభా రెండు లక్షలు దాటింది. స్థానిక తెగల జనాభా 1846లో దాదాపు లక్షన్నర అని అంచనా, పాతికేళ్లలో అది ముప్ఫై వేలకు పడిపోయింది, రోగాలతో, ఆకలితో, వెంటాడి చంపడంతో. సట్టర్ దివాలా తీశాడు, మార్షల్ పేదవాడిగా పోయాడు.

బంగారపు జనం శాన్‌ఫ్రాన్సిస్కోను చెక్కతో కట్టారు. 1849 నుంచి 1851 మధ్య అది పదేపదే తగలబడింది, పదేపదే చెక్కతోనే కట్టారు. ఈ ఆకలి ఉత్తరాన ఎనిమిది వందల మైళ్ల దూరంలో ఇంకో ఊరిని పుట్టించింది. ఇవాళ ఐటీ ఉద్యోగాల పుణ్యమా అని వేల తెలుగు కుటుంబాలు నివసించే సియాటిల్ పుట్టుక అదే. 1851 చివర్లో అక్కడ దిగిన నాలుగైదు కుటుంబాలకు మొదటి రాబడి, శాన్‌ఫ్రాన్సిస్కో రేవు కోసం వచ్చిన ఓడకు గొడ్డళ్లతో కొట్టి ఇచ్చిన దుంగలే. మరుసటి ఏడాది శరదృతువులో హెన్రీ యెస్లర్ అనే అతను ఆవిరి మిల్లు పెట్టడానికి చోటు వెతుకుతూ వచ్చాడు. కార్సన్ బోరెన్, డాక్టర్ మేనార్డ్ అప్పటికే తమవిగా గుర్తు పెట్టుకున్న భూముల హద్దులు జరిపి, సముద్రం ఒడ్డు నుంచి కొండమీది అడవి దాకా ఒక పట్టీ అతనికి వదిలేశారు. భూమి కోసం తలలు పగలగొట్టుకునే రోజుల్లో ఇంత ఉదారత ఎందుకో చెప్పనక్కర్లేదు.

1853 మార్చిలో మిల్లు ఆడింది. పైన కొట్టిన దుంగలను కొండవాలు వెంట కిందికి ఈడ్చిన దారే నేటి యెస్లర్ వే. మిల్లు పనివాళ్ల వంటశాలలోనే చాలాకాలం కోర్టు, సభలు, ప్రార్థనలు అన్నీ. తమాషా ఏమిటంటే ఆ వంటశాలను కట్టింది పలకలతో కాదు, దుంగలతో. మంచి పలక అమ్మకానికి పోవాలి కదా. మిల్లు పొట్టును ఒడ్డున ఉన్న బురదలో, నీటిగుంటల్లో పోసి నేల చేశారు. పయొనీర్ స్క్వేర్‌లో ఇప్పటి పర్యాటకులు తిరిగే నేలలో కొంత భాగం అదే.

మిల్లులో పనిచేసినవాళ్లలో డువామిష్, సుక్వామిష్ తెగలవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల శ్రమ లేకపోతే ఆ తొలి ఏళ్లలో మిల్లు నడిచేదే కాదు. 1855 ఒప్పందంతో వాళ్ల భూమి పోయింది. 1865లో కొత్తగా ఏర్పడ్డ పట్టణ పాలకమండలి ఇండియన్లు, అంటే ఈ స్థానిక తెగలవాళ్లు, ఊళ్లో నివసించరాదని తీర్మానించింది. ఒక మినహాయింపు పెట్టింది: యజమాని తన ఆవరణలో చోటిస్తే పనివాళ్లు ఉండొచ్చు. ఊరి పేరేమో డువామిష్, సుక్వామిష్‌ల నాయకుడిదే.

అదే తీరంలో తరవాతి తరం మిల్లులు భారతీయులనూ లాగాయి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పంజాబు రైతులు వాషింగ్టన్, బ్రిటిష్ కొలంబియా మిల్లులకు చేరారు. 1907 సెప్టెంబరు 4న బెల్లింగ్‌హామ్‌లో కొన్ని వందల మంది తెల్ల కార్మికులు వాళ్ల నివాసాల మీద పడి ఊళ్లోంచి తరిమేశారు. వాంకూవర్ దీవిలో మాయో సింగ్ అనే పంజాబీ మాత్రం తానే మిల్లు పెట్టి, దాని చుట్టూ ఒక ఊరినే నిలబెట్టాడు. దానికి తన సొంతూరు పేరే స్థిరపడింది, పాల్దీ అని.

మనవాళ్లు ఎక్కువగా వెళ్లింది మరో దిక్కుకు. 1826 తరవాత మౌల్మీన్, 1852 తరవాత రంగూన్ బ్రిటిష్ చేతికి వచ్చాక బర్మా టేకు దుంగలు నదుల్లో తేలుతూ ఆ రేవులకు చేరేవి. ఆవిరి మిల్లుల్లో కోయించి విదేశాలకు పంపేవారు. కోరంగి, కాకినాడ, విశాఖ తీరాల నుంచి ఓడెక్కి ‘రంగం’ పోయిన తెలుగు కూలీలు బియ్యపు మిల్లుల్లో, రేవుల్లో, కోత మిల్లుల్లో పనిచేశారు. అయితే ఇక్కడ సంబంధం వేరు. మౌల్మీన్ మిల్లు చుట్టూ ఊరు కట్టుకుని భూమి పొందే వలసదారు వీళ్లలో లేడు. సీజనుకు వచ్చి, మేస్త్రీ అప్పు తీర్చి, వీలైతే తిరిగొచ్చే మనిషి. భూమి దొరికేచోట మిల్లు కూలీ ఊరి మనిషయ్యాడు, దొరకనిచోట కూలీగానే మిగిలాడు. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీల మీద అల్లర్లు చెలరేగినప్పుడు ఆ తేడా రక్తంతో తేలింది.

అమెరికాలో మిల్లుకూ కొత్త ఊరికీ ఉన్న బంధం పందొమ్మిదో శతాబ్దం మధ్యలో సడలడం మొదలైంది. ఆవిరి యంత్రం వచ్చి వాగు అవసరం లేకుండా చేసింది. వృత్తాకారపు రంపానికి ఇంగ్లండ్‌లో శామ్యూల్ మిల్లర్ 1777లోనే హక్కులు తీసుకున్నా, అమెరికా మిల్లుల్లో అది బాగా పాకింది 1840ల తరవాతే. షికాగోలో 1830ల నుంచి ఇల్లు కట్టే పద్ధతే మారింది. లావాటి దూలాలను గూళ్లు తొలిచి బిగించడానికి బదులు, మిల్లు నుంచి ఒకే కొలతలో వచ్చే సన్నటి కొయ్యలను చవకైన మేకులతో కొట్టేయడం. ఆరితేరిన వడ్రంగి అక్కర్లేదు, సుత్తి పట్టుకోవడం వచ్చిన ఇద్దరు చాలు. ఈ పద్ధతికి కొలతలో తేడా రాని కలప కావాలి, అది మిషిగన్ సరస్సు చుట్టూ ఉన్న మిల్లు పట్టణాల నుంచి ఓడల్లో వచ్చేది.

ఆ పట్టణాల్లో ఒకటి విస్కాన్సిన్‌లోని పెష్టిగో. షికాగో మొదటి మేయరు విలియం ఆగ్డెన్‌కు అక్కడ పెద్ద చెక్క సామాన్ల కర్మాగారం ఉండేది. ఇళ్లు చెక్కవి, కాలిబాటలు చెక్కవి, వీధుల్లో దుమ్ము లేవకుండా పరిచింది రంపపు పొట్టు. చుట్టూ అడవిలో నరికి వదిలేసిన కొమ్మలు, ఎండిన వేసవి. 1871 అక్టోబరు 8 రాత్రి మంట లేచి గంటా రెండు గంటల్లో ఊరు ఊరంతా బూడిదైంది. ఆ ప్రాంతంలో చనిపోయినవాళ్లు కనీసం పన్నెండు వందలు, రెండు వేలు దాటి ఉంటారని కొందరి అంచనా. అదే రాత్రి షికాగో కూడా తగలబడింది. పత్రికలన్నీ అటే పరుగెత్తాయి.

షికాగోను తిరిగి కట్టారు, దాని కలప వ్యాపారం ఇంకా పెరిగింది. అప్పటికే రైలు పట్టాలు చెట్టన్నది కనబడని నెబ్రాస్కా, కాన్సాస్ మైదానాల్లోకి పాకాయి. సాగుకు వచ్చేవాళ్లకు భూమి ఇచ్చే 1862 చట్టం కింద 160 ఎకరాలు తీసుకున్న రైతు అక్కడ మొదట గడ్డివేళ్లతో సహా మట్టిని ఇటుకల్లా తెగ్గోసి ఇల్లు కట్టుకున్నాడు. రెండు మూడు పంటలు చేతికొచ్చాక బండి కట్టుకుని స్టేషను దగ్గరికి పోయాడు. అక్కడ వాగు లేదు, ఆనకట్ట లేదు, మిల్లు లేదు. పట్టాల పక్కన షికాగో నుంచి దిగిన పలకలు కొలతల వారీగా పేర్చిన అడితి ఉంది. తలుపులు, కిటికీలు కూడా తయారుగా దొరికేవి, కావాలంటే అప్పుమీద.